చెమట పట్టకుండా ఎక్కండి: బెజవాడ, గుంటూరు నుంచి తొలిసారి హిమాలయ ట్రెక్‌కి వెళ్లేవారికి మొదటి రోజు మార్గదర్శి

విజయవాడలో చెమటను ఎవరూ లెక్కచేయరు. మే నెలలో బీసెంట్ రోడ్డులో ఓ పావుగంట తిరిగితే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఇంటికొచ్చి ఫ్యాన్ కింద కూర్చుంటే ఆరిపోతుంది, అక్కడితో సరి. పుట్టినప్పటి నుంచీ ఒంటికి పట్టిన ఈ అలవాటే హిమాలయాల్లో మొదటి రోజు మనవాళ్లను ఇబ్బంది పెడుతుంది.

నేను మొదటిసారి కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లింది ఒక డిసెంబరులో. చలంటే భయంతో పొద్దున్నే తెచ్చుకున్నవన్నీ వేసుకుని బయల్దేరాను. అన్నిటికన్నా లోపల, రోజూ వేసుకునే కాటన్ బనీను. మధ్యాహ్నం రెండున్నరకి క్యాంప్ చేరేసరికి ఆ బనీను పిండితే నీళ్లు కారేటట్టుంది. ఎండ బాగానే ఉంది కదా అని అలాగే కూర్చుని టీ తాగాను. మూడున్నరకల్లా సూర్యుడు కొండ చాటుకి వెళ్లాడు. నాలుగు కాకముందే పళ్లు టకటక కొట్టుకోవడం మొదలైంది. జాకెట్ మీద జాకెట్ వేసినా వణుకు తగ్గలేదు. చివరికి గైడ్ నా మెడ వెనక చెయ్యి పెట్టి చూసి "అందర్ సే గీలా హై" అన్నాడు, లోపల తడిగా ఉంది అని. టెంట్‌లోకి పంపి, బనీను విప్పించి, పొడి టీషర్ట్ వేయించాడు. పది నిమిషాల్లో వణుకు ఆగిపోయింది.

ఆ తర్వాత చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇంకొన్ని ట్రెక్‌లు చేశాను. ప్రతిసారీ మన ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఇదే చోట దెబ్బతినడం చూశాను. మొదటి రోజు ఎవరు ముందు చేరారన్నది ఎవరికీ అక్కర్లేదు. ఒళ్లు తడవకుండా, ఎగశ్వాస రాకుండా, రాత్రికి తలనొప్పి లేకుండా చేరామా అన్నదే లెక్క. కింద రాసిందంతా దాని కోసమే.

ఉదాహరణలు కేదార్‌కంఠ నుంచే ఇస్తాను, మనవాళ్లలో చాలామంది మొదట వెళ్లేది అక్కడికే కాబట్టి. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ అనే పల్లె నుంచి నడక మొదలవుతుంది. సాంక్రీ ఎత్తు సుమారు 6,400 అడుగులు. మొదటి రోజు క్యాంప్ జుడా కా తాలాబ్ అనే చెరువు పక్కన, సుమారు 9,100 అడుగులు. శిఖరం దాదాపు 12,500 అడుగులు. వేరే ట్రెక్‌కి వెళ్తే ఈ అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ఎత్తు అంటే ఏమిటో ముందు తెలుసుకోండి

విజయవాడ సముద్రమట్టానికి ఓ 40 అడుగుల ఎత్తున ఉంటుంది. గుంటూరు ఇంకాస్త పైన. ఏ ఎత్తుకి వెళ్లినా గాలిలో ఆక్సిజన్ వంతు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 9,100 అడుగుల దగ్గర ఆ ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదానిలో దాదాపు 72 శాతం, కేదార్‌కంఠ శిఖరం మీద దాదాపు 63 శాతం. అంటే ఇక్కడ మూడు శ్వాసల్లో అందేది అక్కడ నాలుగైదు శ్వాసలు తీసుకుంటేగానీ అందదు. అందుకే మెట్టు ఎక్కినా, వంగి బూటు లేసు కట్టుకున్నా ఆయాసం వస్తుంది. అది జబ్బేమీ కాదు. ఏ వయసువాళ్లకైనా, ఎంత బలమున్నవాళ్లకైనా వస్తుంది.

సుమారు 8,000 అడుగులు దాటాక ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యం మొదలయ్యే అవకాశం ఉంది. అంటే మీ మొదటి రాత్రే ఆ గీత దాటేస్తున్నారు. 10,000 అడుగులు దాటాక, పడుకునే చోటు ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. ఈ దారిలో రెండో రోజు క్యాంప్ 11,250 అడుగుల దగ్గర ఉంటుంది. ఒక్క రాత్రిలో 650 మీటర్లకు పైగా పెరుగుదల. సెలవు దొరికితే సాంక్రీలో ఒక రాత్రి అదనంగా ఉండి రండి. టికెట్ బుక్ చేసేటప్పుడే ఆ రోజు కలుపుకోవాలి, తర్వాత కుదరదు.

చలి లెక్క కూడా ఇదే. ప్రతి 1,000 మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. మొదటి క్యాంప్ ఎత్తుకే 18 డిగ్రీలు తేడా. మన ఊళ్లో సంక్రాంతి రాత్రుల చలి 18 డిగ్రీల చుట్టూ ఉంటుంది కదా, అందులోంచి మరో 18 తీసేయండి. ఉత్తరాది శీతాకాలం చలి దాని పైన అదనం.

ఇంటి దగ్గర ఆరు వారాలు

మంగళగిరి పానకాలస్వామి కొండ మెట్లు ఇందుకు చాలా బాగుంటాయి. గుంటూరు వాళ్లకీ బెజవాడ వాళ్లకీ దగ్గరే. వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే వెళ్లండి. ఇంద్రకీలాద్రి, కొండపల్లి ఖిల్లా, ఉండవల్లి కూడా సరే. కొండ లేని రోజున ప్రకాశం బ్యారేజి మీద ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ రెండుసార్లు వేగంగా నడవండి. అది సుమారు 1.2 కిలోమీటర్ల పొడవుంటుంది కాబట్టి మంచి దూరమే వస్తుంది.

ఈ కొండలు కాళ్లకి బలమిస్తాయి కానీ ఎత్తుని అలవాటు చేయలేవు. మరి అక్కడ నేర్చుకోవాల్సింది ఏమిటంటే నెమ్మదిగా ఎక్కడం. వీపున ఐదు కిలోల బ్యాగుతో, నోరు మూసుకుని ముక్కుతోనే శ్వాస తీస్తూ పైదాకా ఎక్కడానికి ప్రయత్నించండి. నోరు తెరవాల్సి వచ్చిందంటే వేగం ఎక్కువైందన్నమాట. అక్కడే తగ్గించండి. మొదట్లో చిరాకేస్తుంది, పక్కనుంచి పెద్దవాళ్లు దాటిపోతుంటారు. రెండు వారాలకి ఆ లయ ఒంటికి పడుతుంది. నాకు తెలిసి హిమాలయాల కోసం మన ఊళ్లో చేయగలిగిన సాధనల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు.

కొత్త బూట్లు కొంటే ఈ మెట్ల మీదే అరగదీయాలి. ట్రెక్ మొదటి రోజున కొత్త బూటు వేసుకుంటే మడమ బొబ్బలెక్కుతుంది. బీపీ, షుగర్, ఆస్తమా, గుండె సమస్యల్లో ఏదున్నా మీ డాక్టరుతో ముందే మాట్లాడండి. ఎత్తు అనారోగ్యం రాకుండా వాడే డయమాక్స్ మాత్ర గురించి కూడా అప్పుడే అడగండి. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి. మాత్ర వేసుకుంటే వేళ్ల చివర తిమ్మిరిగా ఉంటుంది, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. కంగారు పడొద్దు. ఎవరో స్నేహితుడు ఇచ్చాడని మాత్రం కొండ మీద మొదటిసారి వేసుకోకండి.

బనీను ఇంట్లోనే వదిలేయండి

నూలు చెమటని పీల్చుకుంటుంది, ఆరనివ్వదు. మన ఎండలో అది హాయి. అక్కడ అది తడిగుడ్డలా ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. బయట ఎంత ఖరీదైన జాకెట్ వేసినా లోపల నూలు ఉంటే లాభం లేదు. మగవాళ్లు బనీను, ఆడవాళ్లు కాటన్ లోదుస్తులు, కాటన్ కుర్తీ, చున్నీ, ఎవరైనా సరే జీన్స్: ఇవేవీ నడిచేటప్పుడు వద్దు. మా బావ అన్నీ సరిగ్గా కొనుక్కుని, అలవాటు కొద్దీ డ్రై-ఫిట్ (చెమట త్వరగా ఆరిపోయే రకం) టీషర్ట్ కింద బనీను వేసుకొచ్చాడు. చాలామంది అలాగే వస్తారు, ఎందుకంటే బనీను వేసుకున్నట్టు మనకి గుర్తే ఉండదు.

ఒంటికి తగిలే పొర పాలిస్టర్ డ్రై-ఫిట్ లేదా ఉన్ని. దాని మీద ఫ్లీస్, అంటే మెత్తగా వెచ్చగా ఉండే పైచొక్కా. దాని మీద ఆగి కూర్చున్నప్పుడు వేసుకునే మందపాటి జాకెట్, లోపల దూదిలాంటి కూరుడు ఉన్నది. గాలికీ వానకీ ఒక పాంచో (తల మీంచి కప్పుకునే వానకోటు) లేదా రెయిన్ జాకెట్. ఇవి కాక ఒక పూర్తి పొడి జత, మేజోళ్లతో సహా, ప్లాస్టిక్ కవరులో చుట్టి విడిగా పెట్టండి. దీన్ని క్యాంప్ చేరేదాకా ముట్టుకోకూడదు. బూట్లు, చేతికర్రలు, మంచులో వేసుకునే ముళ్ల పట్టీలు, కాళ్ల తొడుగులు సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి. కొనక్కర్లేదు. లోపలి పొరల మీద మాత్రం డబ్బు పెట్టండి.

సాంక్రీలో ముందు రాత్రి

విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు పైనే. ఢిల్లీ నుంచి డెహ్రాడూన్ వెళ్లాలి. అక్కడి నుంచి మస్సూరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీకి ఇంకో 200 కిలోమీటర్లు, 8 నుంచి 10 గంటల కొండ మలుపులు. పొద్దున తేలికగా తినండి, వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి. ప్రయాణం గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఆ సాయంత్రం గైడ్ అందర్నీ కూర్చోబెట్టి వివరాలు చెబుతాడు. అలసిపోయి, ఫోన్ సిగ్నల్ ఇంకా ఉండగానే ఇంటికి మాట్లాడుకుందామని చాలామంది సగంలో లేచిపోతారు. లేవకండి. రేపు ఎన్ని గంటల నడక, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ముందు ఎవరు నడుస్తారు, చివర ఎవరు వస్తారు, ఎవరికైనా బాగాలేకపోతే కిందికి ఎవరు దింపుతారు, ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ ఉంటుంది: ఇవన్నీ అడిగి తెలుసుకోండి. సమాధానం సరిగ్గా రాకపోతే మళ్లీ అడగండి. ఒకసారి నేను వెళ్లిన బృందంలో, సిలిండర్ ఉందన్నారు కానీ అది ఉన్న సామాను మా వెనక రెండు గంటల దూరంలో వచ్చింది. అప్పటి నుంచి "ఉందా" అని అడగడం మానేసి "ఎవరి దగ్గరుంది" అని అడుగుతున్నాను.

మీ ఒంటి సంగతులు ఆ రాత్రే గైడ్‌కి చెప్పేయాలి. ఏం మందులు వాడుతున్నారు, ఏది పడదు, మోకాలు నొప్పి ఉందా, నెలసరి రోజులా. నెలసరి వల్ల ట్రెక్ మానుకోనక్కర్లేదు, కానీ గైడ్‌కి తెలిస్తే ఆగే చోట్లు చూసుకుంటారు. వాడిన ప్యాడ్లు వెనక్కి తెచ్చుకోవడానికి జిప్ కవర్లు ఉంచుకోండి.

గుంటూరు జిల్లా పల్లెల నుంచి వచ్చినవాళ్లకి హిందీ పెద్దగా రాదు. ఒంట్లో బాగాలేనప్పుడు వచ్చిన రెండు ముక్కలు కూడా గుర్తుకురావు. అందుకని ఇవి ఒక కాగితం మీద తెలుగులోనే రాసి జేబులో పెట్టుకోండి:

సిర్ మే దర్ద్ హై – తల నొప్పిగా ఉంది
ఉల్టీ జైసా లగ్ రహా హై – వాంతి వచ్చేలా ఉంది
చక్కర్ ఆ రహా హై – కళ్లు తిరుగుతున్నాయి
సాఁస్ నహీఁ ఆ రహీ – ఊపిరి ఆడటం లేదు
థోడా రుకియే – కాసేపు ఆగండి
ధీరే చలియే – నెమ్మదిగా నడవండి

ఈ కాగితం మా అమ్మకి రాసిచ్చాను. ఆవిడ ఆఖరి వాక్యాన్ని మొదటి గంటలోనే నాలుగుసార్లు వాడింది.

పొద్దున బయల్దేరే ముందు

పెద్ద బ్యాగు గుర్రం మీద వెళ్తుంది. మీ వీపున ఉండేది ఓ నాలుగైదు కిలోల చిన్న బ్యాగు. అందులో నీళ్లు, మందపాటి జాకెట్, పాంచో, చేతి తొడుగులు, టోపీ, తినుబండారాలు, మందులు, హెడ్‌ల్యాంప్, ఆ పొడి జతలోంచి కనీసం ఒక టీషర్ట్. పెద్ద బ్యాగు మీకన్నా ఆలస్యంగా చేరొచ్చు కాబట్టి ఆ టీషర్ట్ మీ వీపునే ఉండాలి. బరువైనవి వీపుకి ఆనుకుని ఉండేలా సర్దండి.

బ్యాగు తగిలించుకునే తీరు కొంచెం వివరంగా చెబుతాను, దాదాపు అందరూ తప్పుగానే వేసుకుంటారు. ముందు భుజం పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగు వేసుకుని, కొంచెం ముందుకి వంగి, దాన్ని వీపు మీదకి పైకి తోయండి. ఇప్పుడు నడుం బెల్టు పెట్టండి. అది పొట్ట మీద ఉండకూడదు, మొలతాడు ఉండే చోట, తుంటి ఎముక మీద కూర్చోవాలి. గట్టిగా బిగించండి. అప్పుడు నిటారుగా నిలబడి భుజం పట్టీలు లాగండి, కానీ భుజం మీద బరువు పడేంత వద్దు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. బరువులో ఎక్కువ భాగం తుంటి మోస్తుంటే సరిగ్గా వేసినట్టు. సాయంత్రానికి మెడ పట్టేసి తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లో బ్యాగు వల్లో తేల్చుకోలేక అందరూ టెన్షన్ పడతారు. ఆ అనుమానం పొద్దున్నే లేకుండా చేసుకోవచ్చు.

బూటు లేసు ఎక్కేటప్పుడు పాదం మీద బిగుతుగా, చీలమండ దగ్గర కాస్త వదులుగా కట్టండి. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోండి.

అన్నీ అయ్యాక అసలు పరీక్ష. నిలబడినప్పుడు మీకు వెచ్చగా ఉందా? ఉంటే ఒక పొర ఎక్కువైంది. తీసేయండి. కాస్త చలేస్తూ ఉండగానే బయల్దేరాలి. ఇది మనకి చాలా కష్టంగా ఉంటుంది. డిసెంబరు పొద్దున సాంక్రీలో జాకెట్ విప్పమంటే ప్రాణం ఒప్పుకోదు. పది నిమిషాలు నడవండి, ఒళ్లే వేడెక్కుతుంది.

మొదటి గంట

సాంక్రీ దాటగానే పైన్ అడవిలోకి ఎక్కుడు మొదలవుతుంది. ఊరి చివర ఫొటోలు అయిపోగానే కుర్రాళ్లు ఉత్సాహంతో ముందుకి పరిగెడతారు. వాళ్లని పోనివ్వండి. మీరు గైడ్ వెనకే, వీలైతే వెంటనే వెనక నడవండి. మొత్తం బృందంలో నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు ఉంటే అందరూ కలిసి నడుస్తారు. వాళ్లు చివర్న పడితే, వాళ్లు చేరేసరికి ముందున్నవాళ్లు విశ్రాంతి ముగించుకుని లేస్తారు. పాపం వాళ్లకి కూర్చునే వ్యవధే ఉండదు.

గైడ్ కాళ్లు చూడండి. నేను ఓ గంటసేపు మాట్లాడకుండా అవే చూస్తూ నడిచాను. చిన్న అడుగు. పాదం మొత్తం నేలకి ఆనించి వేస్తాడు, మునివేళ్ల మీద ఎక్కడు. రాయి పక్కనుంచి వెళ్లే వీలుంటే రాయి మీద కాలు పెట్టడు. ప్రతి అడుక్కీ వెనక కాలు మోకాలి దగ్గర నిటారుగా అయి, అరక్షణం ఆగి, అప్పుడు ముందుకి వస్తుంది. ఆ అరక్షణంలో బరువు కండ మీద కాకుండా ఎముక మీద నిలుస్తుంది, కండకి విశ్రాంతి. వేల అడుగుల్లో అన్ని వేల చిన్న విశ్రాంతులు. అదే మెట్టు దగ్గర మనం మోకాలు వంచే ఉంచి ఎక్కుతాం, తొడలు మండిపోతాయి.

శ్వాస రెండడుగులకి లోపలికి, రెండడుగులకి బయటికి. నిట్టనిలువుగా ఉన్నచోట ఒక అడుక్కి ఒక శ్వాస. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా, అదే మీ వేగానికి కొలత. మాట ముక్కలవుతుంటే తగ్గించండి. ఆగిపోవడం కన్నా తగ్గించడం మేలు. గబగబా పది నిమిషాలు ఎక్కి ఐదు నిమిషాలు ఆయాసపడేవాళ్లు ఒళ్లంతా తడిసి చేరతారు.

పావుగంట నడిచాక గైడ్ ఆపితే సరే, ఆపకపోతే మీరే "థోడా రుకియే" అనండి. వీపు మీద, చంకల్లో చెయ్యి పెట్టి చూసుకోండి. చెమ్మగా తగిలితే ఫ్లీస్ కూడా తీసేసి టీషర్ట్ మీదే నడవండి. అందరి ముందూ ఆగి బ్యాగు దించి బట్టలు మార్చుకోవాలంటే మొహమాటమేస్తుంది, ఒక్కరి కోసం ఇరవైమంది ఆగారనిపిస్తుంది. ఆ రెండు నిమిషాలు అడగండి. గైడ్లకి అది సంతోషమే.

దారిలో

ఈ దారి నాలుగు కిలోమీటర్లే, కానీ 2,700 అడుగులు ఎక్కాలి కాబట్టి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యలో చిన్న వాగుల మీద చెక్క వంతెనలు, గుడిసె దుకాణాల్లో టీ, మ్యాగీ. ఆగిన ప్రతిసారీ ముందు జాకెట్ వేసుకుని తర్వాత కూర్చోండి. లేచేటప్పుడు విప్పేయండి. చలేసిన తర్వాత వేసుకుంటే ఒళ్లు మళ్లీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

దాహం వేయకపోయినా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. రోజు మొత్తానికి మూడు నాలుగు లీటర్లు, అందులో టీ, సూప్ కూడా కలిపి. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలినట్టు. అతిగా తాగినా ప్రమాదమే, పోటీపడి తాగొద్దు. నేను ఇంటి దగ్గర బెల్లం పొడి, మిరియాలు, శొంఠి, యాలకులు కలిపి డబ్బాలో తెచ్చుకుంటాను. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు వేస్తే పానకం. ఆకలి చచ్చిపోయిన వేళ కూడా లోపలికి దిగుతుంది, బెల్లం శక్తినిస్తుంది. దాంతోపాటు వేరుశనగ చిక్కీ, ఖర్జూరం. చలికి చాక్లెట్లు రాళ్లలా గట్టిపడిపోతాయి. చిక్కీ మామూలుగానే కరకరలాడుతుంది. ఆవకాయ, కందిపొడి కొంచెం తీసుకెళ్లండి. పప్పన్నం, కిచిడీ రుచిగా లేవని మనవాళ్లు తినడం మానేస్తుంటారు. ఒక చెంచా కందిపొడితో పళ్లెం ఖాళీ అవుతుంది.

క్యాంప్ చేరిన మొదటి పావుగంట

మొదటి రోజు మొత్తంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. క్యాంప్ కనబడగానే అందరూ బ్యాగులు పడేసి, చెరువు దగ్గరికి ఫొటోలకి వెళ్తారు. శీతాకాలంలో ఆ చెరువు గడ్డకట్టి, చుట్టూ చెట్లతో నిజంగానే చాలా అందంగా ఉంటుంది. అది ఎక్కడికీ పోదు. ముందు ఈ పనులు, ఇదే వరసలో:

బ్యాగు దించగానే మందపాటి జాకెట్ వేసుకోండి. ఎండ ఉన్నా సరే. తర్వాత టెంట్‌లోకి వెళ్లి ఒంటికి తగిలే పొర మార్చండి. పొడి టీషర్ట్, పొడి మేజోళ్లు. వీపు, ఛాతీ పొడి గుడ్డతో తుడుచుకోండి. "పెద్ద తడవలేదులే" అనిపించినా మార్చండి. టోపీ పెట్టుకోండి. తడి బట్టలు ఎండ ఉన్నంతసేపూ తాడు మీద వేయండి, ఎండ పోగానే లోపలికి తెచ్చేయండి. లేకపోతే అవి పొద్దునకి అట్టల్లా బిగుసుకుంటాయి. అప్పుడు టీ.

టీ తాగాక నిద్ర ముంచుకొస్తుంది. పడుకోకండి. పడుకుంటే శ్వాస నెమ్మదిస్తుంది, లేచేసరికి తల బరువెక్కుతుంది. ఓ గంట ఆగి గైడ్ కొద్దిగా పైకి, రెండు మూడు వందల అడుగులు నడిపించి మళ్లీ కిందికి తెస్తాడు. పైకి ఎక్కి కింద పడుకుంటే ఒళ్లు ఎత్తుకి త్వరగా అలవాటు పడుతుంది. "అలిసిపోయాం, మేం రాం" అని టెంట్‌లో ఉండిపోయేవాళ్లు ఎప్పుడూ ముగ్గురు నలుగురు ఉంటారు. మీరు వాళ్లలో ఉండకండి.

తలనొప్పి వస్తే

సాయంత్రానికి కొంచెం తలనొప్పి చాలామందికి వస్తుంది. అర లీటరు నీళ్లు తాగి, ఏదైనా తిని, టోపీ పెట్టుకుని ఓ గంట చూడండి. తగ్గితే మంచిదే. తలనొప్పితోపాటు వికారం, తల తిరగడం, తిండి చూడబుద్ధి కాకపోవడం, విపరీతమైన నీరసం ఉంటే అది ఎత్తు అనారోగ్యమే అనుకోవాలి. గైడ్‌కి చెప్పాలి. తగ్గేదాకా ఇంకో అడుగు కూడా పైకి వేయకూడదు.

గైడ్ మీ వేలికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటర్ పెడతాడు. చల్లని వేళ్లతో, ముదురు గోళ్లరంగుతో అంకె తప్పుగా తక్కువ చూపించవచ్చు. చెయ్యి రుద్ది వెచ్చబరిచి పెట్టించుకోండి. అంకె కన్నా మీకు ఎలా ఉందన్నదే ముఖ్యం. అంకె బాగుంది కదా అని తలనొప్పి దాచొద్దు.

దాచడం గురించే చెప్పాలి. ఒకసారి మా బృందంలో గుంటూరు నుంచి వచ్చిన ఒక అక్క ఉన్నారు, టీచరు. రాత్రి భోజనం దగ్గర కనబడలేదు. టెంట్ వెనక చీకట్లో, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని వాంతి చేసుకుంటున్నారు. నన్ను చూసి "తమ్ముడూ, వాళ్లకి చెప్పకు, వెనక్కి పంపించేస్తారు. ఇంట్లో అందరికీ చెప్పొచ్చాను" అన్నారు. మధ్యాహ్నం నుంచే తలనొప్పి ఉందట, మాత్ర వేసుకుని ఊరుకున్నారట. నేను గైడ్‌కి చెప్పాను. రాత్రంతా రెండు గంటలకోసారి ఆయన వచ్చి చూశాడు. తెల్లారగానే ఒక సహాయకుడు ఆవిణ్ని సాంక్రీకి దింపాడు. అక్కడ మధ్యాహ్నం భోజనం వేళకే తలనొప్పి పోయిందని, అన్నం కడుపునిండా తిన్నానని మేం తిరిగొచ్చాక చెప్పారు. దీనికి అసలైన మందు కిందికి దిగడమే, అంత త్వరగా పనిచేస్తుంది. చెప్పకుండా మర్నాడు ఇంకో రెండు వేల అడుగులు ఎక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

ఈ లక్షణాలుంటే తెల్లారేదాకా కూడా ఆగకూడదు: కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో లేదా గులాబీ రంగులో కఫం, మాట తడబడటం, తికమక, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ తిన్నగా గీత మీద నడిచినట్టు నడవమంటే తూలిపోవడం. ఊపిరితిత్తుల్లోకో మెదడుకో నీరు చేరుతున్న గుర్తులివి. ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దింపాలి. పక్క టెంట్‌లో ఎవరికైనా ఇలా కనిపిస్తే, వాళ్లు వద్దన్నా మీరే గైడ్‌ని లేపండి. తికమకపడుతున్న మనిషికి తన పరిస్థితి తెలియదు.

రాత్రి

ఆకలి లేకపోయినా సగం పళ్లెమైనా తినండి. మద్యం, నిద్రమాత్ర వద్దు, రెండూ శ్వాసని నెమ్మదింపజేస్తాయి. పడుకునే ముందు టాయిలెట్ టెంట్‌కి వెళ్లిరండి. అది గుంత తవ్వి పెట్టిన టెంట్, పని అయ్యాక పక్కనున్న మట్టి వేయాలి. తడి టిష్యూలు అందులో పడేయకుండా కవరులో వెనక్కి తెచ్చుకోండి.

వంటవాళ్లని అడిగి సీసాలో వేడినీళ్లు పోయించుకోండి. మూత గట్టిగా బిగించి, మేజోడు తొడిగి, స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. పొద్దునకి అవే తాగే నీళ్లు. ఫోన్, పవర్‌బ్యాంక్, రేపటి టీషర్ట్ కూడా స్లీపింగ్ బ్యాగులోపలే. స్లీపింగ్ బ్యాగులో ముఖం దాచుకుని ఊపిరి వదలకండి, ఆ తేమకి బ్యాగు తడుస్తుంది. ముక్కూ నోరూ బయటే ఉండాలి. జాకెట్లన్నీ వేసుకుని దూరితే మళ్లీ చెమటే. రెండు పొడి పొరలు, టోపీ చాలు. చలేస్తే జాకెట్ పైన కప్పుకోండి.

నిద్ర సరిగ్గా పట్టదు. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు. ఎత్తులో శ్వాస ఇలా పెరుగుతూ తగ్గుతూ నడవడం మామూలే. లేచి కూర్చుని నాలుగు గుక్కలు నీళ్లు తాగి, మళ్లీ పడుకోండి. మూత్రం వస్తే చలికి బద్ధకించి ఆపుకోకండి. హెడ్‌ల్యాంప్ పెట్టుకుని వెళ్లండి, పక్కవాళ్లని తోడు లేపినా ఫర్వాలేదు.

ఆరింటికి టీ తెచ్చే కుర్రాడితోపాటు గైడ్ టెంట్ టెంట్‌కీ వచ్చి రాత్రి ఎలా ఉందని అడుగుతాడు. బాగుందని తల ఊపేయకుండా, ఎన్నిసార్లు లేచారో, తల ఇప్పుడెలా ఉందో, రాత్రి ఎంత తిన్నారో చెప్పండి. ఆ తర్వాత వీపు మీద చెయ్యి పెట్టి చూసుకోండి. పొడిగా ఉంటే ఆ రోజు టీషర్ట్ వేసుకుని, స్లీపింగ్ బ్యాగు మడవడం మొదలుపెట్టవచ్చు.